యాకోబు సారు గుండె మీది బండ

ఆళ్లగడ్డలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే యాకోబు సారు, ఒక బుధవారం మూడో పీరియడ్‌లో చచ్చిపోయి, నాలుగో పీరియడ్ బెల్లుకు లేచి కూర్చున్నాడు. చచ్చిపోయాడనడం కొంచెం ఎక్కువే లెండి. చావుకు సమ్మెటంత దూరంలో పండుకున్నాడు. అంతవరకు నిజం.

నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చే ఆ సారుకు ఒకటే బాధ. "జడత్వమంటే ఏంది?" అని అడిగితే పిల్లలంతా ప్రార్థన చదివినట్టు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. ఒక్కరికీ అర్థం కాదు. అందుకని ఏటా ఒకసారి తొమ్మిదో తరగతిని వరండాలోకి పిలిచి, తాను వెల్లకిలా పండుకుని, గుండె మీద గోనెపట్ట, దాని మీద బేతంచెర్ల బండ పెట్టించుకుని సమ్మెటతో కొట్టిస్తాడు. బండ పగులుతుంది. సారు లేచి చొక్కా దులుపుకుంటాడు.

"బరువైనది అంత సులభంగా కదలదు. దెబ్బంతా అదే తింటుంది. అదీ జడత్వం."

ఏటా బండ తెచ్చేదీ కొట్టేదీ ఎలీషా. బేతంచెర్లలో బండలు కోసే మనిషి. ఈసారి జ్వరమొచ్చి బండను మాత్రం ట్రాక్టర్లో పంపించాడు. సమ్మెట డ్రిల్లు మాస్టరు శ్రీనివాసులు చేతికొచ్చింది.

గుండె మీద బండ పెట్టగానే సారు ఆశ్చర్యపోయాడు. పోయినేడు ఊపిరాడలేదు. ఈసారి హాయిగా ఉంది. బస్సులో నిలబడీ నిలబడీ ఒళ్లు రాటుదేలిందని మురిసిపోయాడు.

సమ్మెట లేచింది.

"కొట్టేదా సార్?"

"కొట్టప్పా. ఇంకా నిలబడినావేంది?"

"మీ ఇంట్లో మేడమ్ అడిగితే ఏం చెప్పల్లో ఆలోచిస్తాండా."

"ఆగండి సార్!"

వెనక వరసలోంచి పూర్ణిమ. ఏడాదంతా నోరు తెరవని పిల్ల.

"భయమైతే కండ్లు మూసుకో పాపా."

"భయం కాదు సార్. పోయినేడు బండను గేటు కాణ్నుంచి నలుగురన్నలు రొప్పుకుంటా మోసినారు. ఇది నేనూ దీవెనా ఇద్దరమే నగుకుంటా తెచ్చినాం."

"ఐతే?" సారు తల పైకెత్తాడు.

"బరువు తక్కువైతే జడత్వం తక్కువ గదా సార్. ఈ బండ దెబ్బ తినదు. మీరు తింటారు."

ఇప్పుడు లేస్తే సారు భయపడినాడని బస్టాండు దాకా చెప్పుకుంటారు. లేవకపోతే చెప్పుకునేది వేరే. మెల్లగా బండ అంచు తడిమాడు. బొటనవేలంత మందం కూడా లేదు. ఇండ్లలో పరిచే పాలిషు బండ!

"శ్రీనివాసులూ, సమ్మెట దించప్పా. నా దిక్కు గాదు, ఆ దిక్కు!"

సారు లేచాడు. ఆయన పండుకున్న చోట మధ్యాహ్న భోజనానికి తెచ్చిన గుమ్మడికాయను పెట్టి, దాని మీద అదే బండ పెట్టించాడు. ఒక్క దెబ్బకు బండతో పాటు గుమ్మడికాయా తునకలై గోడకు అతుక్కుంది. ఒక్కరూ నవ్వలేదు. ఆ రోజు జడత్వమంటే ఏందని ఎవరినీ అడిగే పని పడలేదు.

మొన్న నంద్యాల బస్సులో ఎవరో ఈ సంగతి ఎత్తితే యాకోబు సారు కిటికీ దిక్కు నుంచి తల కూడా తిప్పలేదు.

"అంతా అబద్ధం. బండా లేదు, గుమ్మడికాయా లేదు. ఆ బుధవారం నేను లీవులో ఉండా."