పెరుగన్నంలోకి ఆలివ్ కాయలు

ఆ రోజుల్లో నాకేది ఇష్టమో నాకే సరిగ్గా తెలిసేది కాదు. ఇరవై రెండేళ్లప్పుడు ఎవరికి తెలుస్తుంది లెండి! "నీకేం ఇష్టమమ్మా?" అని ఎవరైనా అడిగితే, అడిగినవారికి ఏది ఇష్టమో కనిపెట్టి అదే చెప్పేసేదాన్ని. అలాంటిదాన్ని తీసుకెళ్లి, ఇష్టాలనే సరుకుగా పెట్టి అమ్మే కొట్లో ఉద్యోగంలో పడేశాడు భగవంతుడు. కొట్టంటే మన వీధి చివర కందిపప్పు, బెల్లం అమ్మే కొట్టు కాదు. ఊరూరా కొట్లున్న హైదరాబాదు కంపెనీ వాళ్లది, రాజమండ్రిలో అప్పుడే తెరిచారు. లోపల చల్లటి ఏసీ, అద్దాల బీరువాల్లో బాదం వెన్న, నల్ల బియ్యం, గుమ్మడి గింజలు, రకరకాల చీజులు, పేరు పలకడానికే రెండు నిమిషాలు పట్టే బిస్కెట్లు. మన గోదావరి జనం మర్యాదస్తులు కదా, లోపలికి వచ్చి అన్నీ తిరిగి చూసి, "చాలా బాగున్నాయండీ" అని మెచ్చుకుని, ఒక ఖర్జూరం ప్యాకెట్ కొనుక్కుని వెళ్లిపోయేవారు.

నన్ను మూడు నెలలు పరీక్షగా చూసి, పనికొస్తాననుకుంటే ఖాయం చేస్తామన్నారు. ద్రాక్షారామం దగ్గర మా ఊళ్లో హైస్కూలు మాస్టారైన మా నాన్న అంతకన్నా స్పష్టంగా చెప్పేశారు: "ఖాయం చేస్తే సరే. చెయ్యకపోతే మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఇంటికొచ్చేసి బి.ఈడి.లో చేరాలి. మాట ఇచ్చావు, గుర్తుంచుకో." మాట ఇచ్చాను గానీ, ఆ బస్సు ఎక్కకూడదని అంతకంటే గట్టిగా అనుకున్నాను. నా జీతం మీద, నా హాస్టలు గదిలో, నా తాళంచెవితో బతకడం అప్పుడే రుచి మరిగాను మరి.

రెండు నెలలు గడిచాక హెడ్డాఫీసు వాళ్లు ఒక కొత్త అర పెట్టించారు. దాని పేరు 'మా సిబ్బంది మెచ్చినవి'. ఒక్కొక్కరూ తమకు ఇష్టమైన సరుకు ఒకటి ఎంచుకుని, కార్డు మీద పేరు రాసి, దాన్ని తామే అమ్మాలి. నేను భోజనం చేసి వచ్చేసరికి తేనె, జీడిపప్పు, ఖర్జూరం, బిస్కెట్లు అన్నీ అయిపోయాయి. (ఇష్టాల్లో కూడా సీనియారిటీ ఉంటుందని అప్పుడే తెలిసింది.) మిగిలినవి ఆలివ్ కాయల సీసాలు. ఆకుపచ్చటి కాయలు, ఒక్కోదాని పొట్టలో ఎర్రటి ముక్క కుక్కి ఉంది. కార్డు మీద 'సలాడ్లలోకి, పాస్తాలోకి అద్భుతం' అని హెడ్డాఫీసు వాళ్లు ముందే అచ్చు వేయించారు. దాని కింద 'నాకెంతో ఇష్టం' అని వంపులు తిప్పి రాసి, సంతకం పెట్టాను. ఆ తర్వాత స్టోర్ రూములోకి వెళ్లి, జీవితంలో మొదటిసారి ఆలివ్ కాయ నోట్లో వేసుకున్నాను. ఉప్పునీళ్లలో నెల రోజులు నానిన వేపకాయ ఎలా ఉంటుందో ఊహించుకోండి. చేతిరుమాల్లోకి ఉమ్మేసి బయటికి వచ్చాను. మా కొట్లో పనిచేసే సీనియర్ అక్క నా మొహం చూసి పడీ పడీ నవ్వింది. "నిన్నెవరు తినమన్నారే? అమ్మమన్నారు గానీ!" అంది. కానీ నా పేరు అక్కడ అందరికీ కనబడేలా ఉంది. అబద్ధమైతే ఆడేశాను, ఇక దాన్ని నిజం చేసి తీరాల్సిందేనని పంతం పట్టాను.

మర్నాటి నుంచి ఒక సీసా విప్పి, కాయకో పుల్ల గుచ్చి, వచ్చినవాళ్లకల్లా రుచి చూపించడం మొదలుపెట్టాను. మనవాళ్ల సంగతి మీకు తెలిసిందే. ఎదుటి మనిషి తినకుండా చూస్తూ నిలబడితే మనకు ముద్ద దిగదు. "నువ్వూ ఒకటి వేసుకో తల్లీ, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నట్టున్నావు" అని ప్రతివాళ్లూ నా ప్లేటులోది నాకే పెట్టేవారు. కాదంటే కార్డు అబద్ధమని తేలిపోతుంది. అందుకని నవ్వుతూ నమిలి మింగేదాన్ని. రోజుకు ఇరవై, పాతిక కాయలు. కళ్లల్లో నీళ్లు తిరిగినా పెదాల మీద చిరునవ్వు చెదిరేది కాదు. ఇంత చేసినా ఒక్క సీసా అమ్ముడు పోతే ఒట్టు. అందరిదీ ఒకటే ప్రశ్న: "దేంట్లోకండీ ఇది?" నేను చిలకలా "సలాడ్లోకండీ" అనేదాన్ని. రిటైరైన టీచరమ్మ గారు ఒకరు వారానికి రెండుసార్లు వచ్చేవారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఆ సలాడ్ దేంట్లోకమ్మా?" అని అడిగారు. దానికి జవాబు హెడ్డాఫీసులో కూడా ఉండి ఉండదు.

రెండో వారంలో ఒకరోజు మా హాస్టల్లో పచ్చడి అయిపోయి, ఉత్త పెరుగన్నం క్యారియర్ ఇచ్చి పంపారు. స్టోర్ రూములో కూర్చుని మూత తీశాను. నంజుకోడానికి ఏమీ లేని పెరుగన్నం ముందు కూర్చున్న మనిషి కంటే దిక్కులేని మనిషి మన జిల్లాల్లో ఉండదు. ఎదురుగా పొద్దున విప్పిన సీసా కనిపించింది. కానీ కానీ అనుకుంటూ ఒక కాయ కొరికాను. ఏం చెప్పను! ఆ చేదు, ఆ ఉప్పు, కాస్త వగరు, పైన చల్లటి పెరుగు! క్యారియర్ ఖాళీ అయ్యేసరికి సీసా కూడా ఖాళీ అయింది. లేచి నేరుగా వెళ్లి, కార్డు మీద సలాడ్లనీ పాస్తానీ పెన్నుతో కొట్టేసి, పెద్ద అక్షరాలతో 'పెరుగన్నంలో నంజుకోడానికి' అని రాసేశాను.

అంతే, దాంతో ప్రశ్నలు ఆగిపోయాయి. "అలా చెప్పు మరి!" అంటూ టీచరమ్మ గారు మొదటి సీసా తీసుకెళ్లారు. రెండు రోజులకు తోటి టీచర్లను వెంటబెట్టుకొచ్చారు. మూడో వారానికి నేను అర మళ్లీ నింపాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ఏరియా మేనేజర్ గారు దిగారు. రాజమండ్రి ఎండలో కూడా టై కట్టుకుని వస్తారని ఆయన్ని మేం 'టై సారు' అనేవాళ్లం. నా ఉద్యోగం ఉంచాలో ఊడగొట్టాలో తేల్చేది ఆయనే. వస్తూనే నా కార్డు దగ్గర ఆగిపోయారు.

"ఈ గీతలేంటమ్మా? హెడ్డాఫీసు రాసింది కొట్టేసే అధికారం నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదండి. సలాడ్ దేంట్లోకని అడుగుతున్నారండి, నాకు తెలీట్లేదండి. పెరుగన్నం అంటే ఎవరూ అడగట్లేదండి."

"ఇది తీసేసి కొత్త కార్డు పెట్టు."

"పెట్టనండి" అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. కళ్ల ముందు ద్రాక్షారామం బస్సు ఆగి ఉంది. అయినా ఆగలేదు. "కావాలంటే నా పేరు తీసేయండి. నా పేరున్నంత కాలం అక్కడ పెరుగన్నమేనండి."

ఆయన ఏదో అనబోయేంతలో టీచరమ్మ గారు లోపలికి వచ్చారు. "రెండు సీసాలివ్వమ్మాయ్" అని, ఒక కాయ తాను నోట్లో వేసుకుని, అలవాటుగా ఇంకోటి నా చేతిలో పెట్టారు. తిన్నాను. ఆవిడ వెనకాలే ఇంకొకాయన వచ్చారు, ఆయనా పెట్టారు, తిన్నాను. టై సారు అరగంట సేపు అలా చూస్తూనే ఉన్నారు. చివరికి స్టాకు పుస్తకం తెప్పించుకున్నారు. "అమ్మకాలు బాగానే ఉన్నాయి. కానీ రుచి కోసం విప్పిన సీసాలు ఇన్నేంటి? ఊరంతా తిన్నారా?"

"సగం నేనేనండి" అన్నాను తలొంచుకుని.

"అంత ఇష్టమా?"

"మొదట్లో ఉమ్మేశానండి. ఇప్పుడు మాత్రం నిజంగానే ఇష్టమండి."

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఖాయం చేశారు. కార్డు అలాగే ఉంచమన్నారు. కింద ఇంకో వాక్యం ఉంది: రేపటి నుంచి నన్ను సబ్బులు, కుంకుడుకాయ పొడి, ఫినాయిలు అమ్మే విభాగానికి మారుస్తున్నామని. ఆ విభాగంలో నోట్లో పెట్టుకోదగ్గ వస్తువు ఒక్కటీ లేదు. అక్క నేల మీద కూర్చుని మరీ నవ్వింది. నాన్నకి ఫోన్ చేసి చెబితే "సరేలే, గెలిచావు. అక్కడైనా ఆకలికి ఆగు" అన్నారు. ఆయన నవ్వుతున్నారని గొంతులో తెలిసింది. నేను మాత్రం ఫోన్ పెట్టేసి ఏడ్చాను. బస్సు తప్పినందుకో, ఆలివ్ కాయలు దూరమైనందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఇప్పుడు నాకేది ఇష్టమో, ఏది కాదో ఖచ్చితంగా తెలుసు. నచ్చకపోతే మొదటి ముద్దకే పళ్లెం పక్కకు నెట్టేస్తాను, మొదటి పేజీకే పుస్తకం మూసేస్తాను. "వయసుతో పాటు అభిరుచి పెరిగింది" అంటారు మా వారు. ఏం అభిరుచో! తనే ఆడిన అబద్ధాన్ని నిజం చెయ్యడానికి వారాల తరబడి చేదు నమిలిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, కొంచెం అసూయ కూడా వేస్తుంది.