దారి తప్పిన కరెంటు

చెవులాయన అంటే పొడవాటి చెవులున్నవాడనుకునేరు. అదేం కాదు. బండి తాళం తిప్పగానే వచ్చే చప్పుడు విని రోగం చెప్పే ఆటో ఎలక్ట్రీషియన్ అతను. టిక్కున ఒక్కసారి అని ఊరుకుంటే ఒక జబ్బు, టికటికమని కొట్టుకుంటే ఇంకో జబ్బు, సెల్ఫ్ మోటారు మూలిగితే మరొకటి. లారీ డ్రైవర్లు పెట్టిన ఆ పేరు చివరికి షాపు బోర్డు మీదికీ ఎక్కింది. ఒక షట్టరు, ఒక బల్ల, గోడ నిండా విప్పేసిన సెల్ఫ్ మోటార్లు, ఎప్పుడూ ఆసిడ్ వాసన. అదే అతని లోకం. ఆ చెవులు ఇంట్లో పనిచెయ్యవని భార్య అంటుంది, అది వేరే సంగతి.

తల్లి చిన్నప్పుడే పోతే వదినే పెంచింది. అతను అన్నం తినకుండా షాపుకి పరిగెత్తితే కంచం పట్టుకుని వీధి చివరిదాకా వెనకాల వచ్చేది. ఆ మోకాళ్ళు ఇప్పుడు అరిగిపోయాయి. మామూలు బండిలో గంట కూర్చోలేదు. కానీ నాలుగు ఊళ్ళు చూడాలని ఆవిడకి పెళ్ళైన నాటి నుంచి కోరిక.

అందుకోసమే అన్నయ్య పాత డీజిల్ బస్సు కొని ఇంటిబండి కట్టాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఈయన ఆ రాజుకి కూడా పాఠాలు చెప్పే రకం. పాత పెట్టె పీకేసి, చట్రం మీద రబ్బరు దిమ్మలు పరిచి, వాటి మీద గదిలాంటి కొత్త పెట్టె కూర్చోబెట్టాడు. అందులో మంచం, పరదాలు, గ్యాసు పొయ్యి. సిలిండరు కింద చట్రానికి బిగించి, సన్నని ఇనుప గొట్టం పైకి తీసుకెళ్ళాడు. అన్నీ అయ్యాయి. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టు, ప్రయాణం ముందురోజు ఇంటి ముందే బండి స్టార్ట్ కానని కూర్చుంది.

"కొత్త బ్యాటరీ వేశానురా. అయినా మూలుగుతోంది. నిన్న పది తిప్పులు తిప్పితే పట్టింది, ఇవాళ అదీ లేదు" అన్నాడు అన్నయ్య.

చెవులాయన మెట్టు కింద, కొత్త పెట్టెకే బిగించిన బ్యాటరీకి మీటరు పెట్టాడు. నిండుగా ఉంది. అన్నయ్య తాళం తిప్పాడు. బ్యాటరీ దగ్గర వోల్టులు నిలబడ్డాయి, సెల్ఫ్ మోటారు దగ్గర మాత్రం సగమే ఉన్నాయి. ఎర్ర తీగ శుభ్రంగా ఉంది. అంటే వెళ్ళే దారి మంచిదే. చట్రం, పెట్టెల ఇనుము గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారిలోనే ఏదో ఉంది.

బండి కిటికీలోంచి వదిన తొంగిచూసింది. "అబ్బాయ్, ఆయన తాళం తిప్పినప్పుడల్లా ఇక్కడ గ్యాసు గొట్టం వెచ్చబడుతోంది. వారం నుంచీ చెబుతున్నా."

"ఎండకి ఇనుము వేడెక్కదా మరి! నీకన్నీ అనుమానాలే" అని అన్నయ్య నవ్వేశాడు.

చెవులాయన నవ్వలేదు, అలాగని పట్టించుకోనూ లేదు. అతని ధ్యాసంతా తిరుగుదారి మీదే ఉంది. బండి కిందికి దూరాడు. చట్రాన్నీ పైపెట్టెనూ కలిపే ఎర్త్ పట్టీ కనిపించింది. చుట్టూ నల్లరంగు నిగనిగలాడుతోంది.

"అన్నయ్యా, ఈ పట్టీ విప్పి రంగు వేశావా, బిగించాక వేశావా?"

"విప్పే వేశా. రెండు పూతలు. నూరేళ్ళు తుప్పు పట్టదు!"

చెవులాయన పట్టీని వేలితో తట్టాడు. రంగు మీద బిగించిన పట్టీలో కరెంటు నడవదు. చట్రానికీ పెట్టెకీ మధ్య ఉన్నది రబ్బరు. మరి ఇన్నాళ్ళూ సెల్ఫ్ మోటారు తాగిన కరెంటంతా ఏ దారిన తిరిగొస్తోంది? వదిన చెప్పిన మాట అప్పుడు తలకెక్కింది. పైనా కిందా రెండింటినీ తాకుతున్న ఇనుము ఆ గొట్టమొక్కటే.

బుద్ధున్నవాడు అక్కడే ఆగి, రంగు గీకి, పట్టీ బిగించేవాడు. కానీ రోగం కళ్ళారా చూడందే మందు వెయ్యకపోవడం అతని అలవాటు. ఆ అలవాటుకి ముద్దుగా పనితనమని పేరు పెట్టుకున్నాడు, అంతే.

"వదినా, ఆ గొట్టం మీద చెయ్యి పెట్టి ఉంచు. ఎక్కడ వేడెక్కుతుందో చెప్పు."

"సిలిండరు కట్టెయ్యమంటావా?"

"అక్కర్లేదు. ఒక్క తిప్పే."

అన్నయ్యకి గురుతు చెప్పాడు. "నేను పెట్టె మీద ఒక దెబ్బ కొడితే తిప్పు. రెండు కొడితే ఆపు." అన్నయ్య సరేనన్నాడు. చెవులాయన ఒక దెబ్బ కొట్టాడు. బండి మూలిగింది.

"అమ్మో!" అని లోపల్నుంచి కేక. వెంటనే రబ్బరు కాలిన వాసన.

చెవులాయన దబదబా రెండు దెబ్బలు కొట్టాడు. మూలుగు ఆగకపోగా ఇంకా గట్టిగా సాగింది. మళ్ళీ రెండు కొట్టాడు. అన్నయ్య తాళాన్ని మరింత గట్టిగా పట్టుకున్నాడు. ఉద్యోగమంతా కండక్టరు గంట ఒకసారి కొడితే బండి ఆపి, రెండుసార్లు కొడితే కదిలించిన మనిషి. చెప్పిన గురుతు బుర్రలో ఉంది, అలవాటు చేతిలో ఉంది.

చెవులాయన పక్కకి పాకి సిలిండరు మీట తిప్పి కట్టేశాడు. పైన బుస్సుమంటున్న గ్యాసు చప్పుడు సన్నబడి ఆగింది. అదే క్షణాన ఇంజను భగ్గున అందుకుంది.

"పట్టిందిరా! చూశావా, గట్టిగా పట్టుకుంటే పట్టింది!" అని అన్నయ్య సీట్లోంచి అరిచాడు.

చెవులాయన లోపలికి ఎక్కాడు. గ్యాసు కంపు గుప్పుమంది. పొయ్యి దగ్గర రబ్బరు గొట్టం కరిగి వేలాడుతోంది. వదిన గోడకి ఆనుకుని నిలబడి ఉంది. అరచేయి అడ్డంగా ఎర్రగా, గొట్టమంత వెడల్పున కమిలింది. ఒక్క నిప్పురవ్వ లేచి ఉంటే? అతను గబగబా ఆవిడని ఎత్తుకుని కిందికి దించాడు. చిన్నప్పుడు తనని మోసిన మనిషి ఇంత తేలికా అనుకుంటే దుఃఖం ఆగలేదు.

"ఏడవకు. కట్టెయ్యమంటావా అని అడిగాను కదా" అంది వదిన. దెప్పిపొడిచినట్టు కాదు, మామూలుగా అంది. అందుకే ఎక్కువ తగిలింది.

అతను కిటికీలన్నీ తెరిచాడు. అన్నయ్య సంబరంగా దిగి, ఆ చేతిని చూసి ఆగిపోయాడు. భార్య మంచి చేతిని తన చేతిలోకి తీసుకోబోయాడు.

"బండి బాగైంది కదండీ. మీరిద్దరూ వెళ్ళి రండి" అంది ఆవిడ. కమిలిన చేతిని గుండెకి ఆనించుకుని, ఇంటి గుమ్మం వైపు మెల్లగా నడిచింది. తలుపు వేసుకున్న చప్పుడైంది.

అన్నయ్య వెళ్ళి ఇంజను ఆపేశాడు. మళ్ళీ స్టార్ట్ అవుతుందా అని ఆయనా అడగలేదు, ఇతనూ చెప్పలేదు.