పలక గుళికలు, అత్త పోసిన నీళ్లు

మార్కాపురంలో పలకలు కోసే చోట మిగిలే పొడికి సున్నం కలిపి, గుళికలు చేసి కాల్చి, వాటితో బోరునీళ్లలోని ఫ్లోరైడ్ తీయవచ్చని పేటెంటుకు దరఖాస్తు పెట్టాను. పేటెంటు ఆఫీసు ఎగ్జామినర్ అభ్యంతరం ఒక్క పేరాలో వచ్చింది: ఇటుకమట్టి, సున్నం గుళికలు ఇదివరకే ఉన్నాయి, మట్టికి బదులు పలకపొడి వాడటం ఈ పని తెలిసిన ఎవరికైనా తట్టేదే.

"మీది బాగా పనిచేస్తుందని రాస్తే చాలదు," అన్నాడు ఫోన్లో మా పేటెంటు లాయరు. "ఆ మట్టి గుళికలతో పక్కపక్కన పెట్టి పరీక్షించండి. ఎవరూ అనుకోనంత తేడా రావాలి. రాకపోతే దరఖాస్తు పోయినట్టే."

మా మేనత్త ఊరు దోర్నాల దారిలో ఉంది. అక్కడి బోరునీళ్లకు పిల్లల పళ్లు కూడా గారపట్టి ఉంటాయి. అత్త పెరట్లో డబ్బాలు వరసగా పెట్టాను: ఒకదానిలో మట్టి గుళికలు, మూడింటిలో పలక గుళికలు, ఆ మూడింటిలోనూ సున్నం వేరువేరు మోతాదుల్లో. గుళికలే వేయని డబ్బా ఇంకొకటి. బరువు, కాల్పు, నానే సమయం అన్నిటికీ ఒకటే. నీళ్లు పోయమని అత్తకు చెప్పి, మూతలు తేవడానికి బజారుకు వెళ్లాను.

డబ్బాల్లోని నీళ్లు ల్యాబుకు పంపాను, రిపోర్టు వచ్చింది. అన్నీ ఒకటే. మళ్లీ చూస్తే, గుళికలు వేయని డబ్బాలో కూడా ఫ్లోరైడ్ దాదాపు లేదు!

"అత్తా, బోరునీళ్లే పోసినావా?"

"బోరువా? గవర్మెంటోళ్లు చూసే నీళ్లంటివి గదా అల్లుడా. ఇంటికొచ్చిన చుట్టానికే ఆ చౌడునీళ్లు ఇయ్యం, ఆఫీసర్లకు పంపి పరువు తీసుకుంటామా? క్యాను నీళ్లు పోసినా."

"అవి ముందే ఫిల్టరు చేసిన నీళ్లత్తా!"

"అందుకే గదా పోసింది! మంచి చేస్తే అరుస్తావేందిరా?"

కొత్త గుళికలతో మళ్లీ పెట్టాను. ఈసారి బోరు పైపు నేనే పట్టుకున్నాను. రెండో రిపోర్టు మొదటిదానికన్నా వింతగా ఉంది. మట్టి గుళికలు ఫ్లోరైడును సగానికి తగ్గించాయి. సున్నం తక్కువ వేసిన పలక గుళికలూ, ఎక్కువ వేసినవీ అంతే. మధ్య మోతాదు డబ్బాలో మాత్రం దాదాపు ఏమీ మిగల్లేదు. పొరపాటేమోనని ఇంకోసారి చేయించాను. అదే వచ్చింది. ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు.

రిపోర్టులు లాయరుకు పంపాను. "ఇది నిలబడుతుంది. కానీ ఆ ఒక్క మోతాదుకే. మిగతావి ఎగ్జామినర్ చెప్పినట్టు మామూలే కదా?"

"అవును," అన్నాను.

ఏ మోతాదైనా నాదేనని దరఖాస్తులో రాసుకున్న క్లెయిమును కొట్టేసి, ఆ ఒక్కటే ఉంచి, మామూలు ఫలితాలతో సహా అన్నీ అఫిడవిట్‌కు జతచేసి పంపాను. అభ్యంతరం ఎత్తేశారు. ఆ జవాబు చదివి, నాకు మిగిలిన క్లెయిము ఎంత చిన్నదో చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాను.