కోడలు గారి చేతుల మీదుగా

మొన్న పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని ఫోన్ తెరిచేసరికి మా ఆడపడుచు కొడుకు వాట్సాప్‌లో రంగురంగుల పోస్టరు ఒకటి పంపి ఉన్నాడు. రామచంద్రపురంలో మా వాళ్ళు నడిపిన నాటక సమాజం చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ సీజను మొదలుపెడుతోందట, మొదటి ప్రదర్శన సొంత ఊళ్ళో, ఆ తర్వాత రాజమండ్రి, జంగారెడ్డిగూడెం పరిషత్తు పోటీల్లో. ముఖ్య అతిథుల ఫోటోలు పైన నిండుగా, వేషాలు వేసేవాళ్ళ ఫోటోలు కింద తపాలా బిళ్ళలంత. ఆ వరస మాత్రం మా రోజుల్లో ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. అట్టడుగున ఒక గీత గీసి, దాని కింద మా మామగారి పేరిట ఉత్తమ నటి బహుమతి అనీ, దాన్ని 'కీర్తిశేషుల కోడలు గారి చేతుల మీదుగా' అందజేస్తారనీ వేశారు. ఆ కోడలు గారిని నేనే. గ్లాసులో కాఫీ అలాగే చల్లారిపోయింది.

మా మామగారి పేరిట, అందులోనూ ఉత్తమ నటికి. మళ్ళీ చదువుకుని నవ్వుకున్నాను, కానీ అది మంచి నవ్వు కాదు. పోయిన మనిషి మీద ఇంకా కోపమేమిటే అని మా చెల్లెలు ఫోన్లో హితబోధ చేసింది. ఆయన ఉన్నన్నాళ్ళూ కోపం చూపించే వీలు నాకెక్కడిది, ఇప్పుడైనా పెట్టుకోనివ్వమన్నాను.

నాటకమంటే ప్రాణం పెట్టే పెద్దమనుషులను నా యీడువాళ్ళు ప్రతి ఊళ్ళోనూ చూసే ఉంటారు. మా మామగారు అలాంటివారిలో అగ్రగణ్యులు. కొబ్బరి తోటలున్నాయి, ఊళ్ళో పలుకుబడి ఉంది, సమాజానికి గౌరవాధ్యక్షులు, రిహార్సళ్ళు జరిగేది మా మేడ మీద హాల్లోనే. కేబుల్ టీవీ కొత్తగా వచ్చి జనమంతా ఇళ్ళల్లో కూర్చుండిపోయిన ఆ తొంభైల్లో కూడా, సాయంత్రమయ్యేసరికి మా మేడ మీద బ్యాంకు గుమాస్తాలు, బడి పంతుళ్ళు, ఎరువుల కొట్టాయన చేరి గొంతులు చించుకునేవారు. కింద నుంచి కాఫీలు, పకోడీలు మోసేది నేను. శనివారాలు రిహార్సల్ తొందరగా ముగించి కొందరు యానాం వైపు బయల్దేరేవారు. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు గానీ, మర్నాడు వాళ్ళకు డైలాగులు గుర్తుండేవి కావని మాత్రం చెప్పగలను.

ఆ రోజుల్లో ఆడ వేషానికి ఊళ్ళో ఎవరూ దొరికేవారు కాదు, దొరికినా ఇంట్లోవాళ్ళు పంపేవారు కాదు. రాజమండ్రి నుంచో కాకినాడ నుంచో నటిని పిలిపించేవారు. ఆవిడకు ఇంకా చాలా సమాజాల్లో వేషాలుండేవి కాబట్టి ఆఖరి రిహార్సళ్ళకే వచ్చేది. మరి అంతవరకూ మగవాళ్ళు ఎవరితో మాట్లాడాలి? మా సమాజానికి దర్శకుడు మా ఆడపడుచు భర్త, ఆయన్ని నేను అన్నయ్యగారనేదాన్ని. గోడతో మాట్లాడితే రక్తి కట్టడం లేదని ఆయన ఒకరోజు కాఫీ పట్టుకెళ్ళిన నన్ను ఆపి, పుస్తకం చేతికిచ్చి ఆడ మాటలు చదవమన్నారు. అలా మొదలై ఏళ్ళ తరబడి ప్రతి నాటికలోనూ తల్లిని, భార్యను, చెల్లెలిని, ఒకసారి వేశ్యను కూడా, కాఫీ పళ్ళెం కిటికీలో పెట్టి చదివాను. చదవడం పోయి చెప్పడం, చెప్పడం పోయి చెయ్యడం ఎప్పుడొచ్చిందో నాకే తెలీదు. అసలు నటి బస్సు దిగిన రోజున మాత్రం ఆవిడకు కూడా కాఫీ కలపడానికి కిందికి దిగిపోయేదాన్ని. మామగారికి ఇందులో ఏ అభ్యంతరమూ కనపడలేదు, మేడ మీద హాలు ఇంట్లోదే కదా మరి.

ఆ ఏడాది అన్నయ్యగారు కొత్త నాటిక ఒకటి రాశారు. కోనసీమ నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి వెళ్ళిన ఆడవాళ్ళు అప్పట్లో వీధికొకరు ఉండేవారు, మీకూ గుర్తుండే ఉంటుంది. అలాంటి ఒకావిడ ఏళ్ళ తర్వాత తిరిగి వస్తుంది; ఆవిడ పంపిన దాంతో మేడ కట్టుకున్న కుటుంబం ఆవిడ పెట్టె విప్పి ఎవరి వస్తువు వాళ్ళు తీసుకుని వెళ్ళిపోతారు. చివరికి ఆవిడ ఖాళీ పెట్టె దగ్గర కూర్చుని, "నేను అన్నం తిన్నానో లేదో ఎవరూ అడగలేదు" అంటుంది. అక్కడితో తెర. ఆ మాట నేను మొదటిసారి చదివిన రోజున ఎరువుల కొట్టాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మామూలుగా వచ్చే నటిని ఆ సీజనుకి వేరే సమాజం వాళ్ళు ముందే మాట్లాడేసుకున్నారు. "ఇంకెవరో ఎందుకు చెల్లెమ్మా, ఈ వేషం నువ్వే వేసెయ్యమ్మా" అన్నారు అన్నయ్యగారు. మా వారు "నాన్నగారు ఏమంటారో" అన్నారు. ఆయన జీవితమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. మామగారు అప్పుడు తీర్థయాత్రలకు వెళ్ళి ఉన్నారు, అన్నయ్యగారు కావాలనే ఆ సమయం చూసుకున్నారని నా అనుమానం. నేను సరేనన్నాను. నాకా వేషం కావాలి. నా పెళ్ళిని కూడా నేనంతగా కోరుకోలేదు.

పాంప్లెట్లు అచ్చయి వచ్చాయి. పాత్రధారుల్లో అందరికంటే పైన నా పేరు, ఇంటిపేరుతో సహా. శుభలేఖ తర్వాత నా పేరు అచ్చులో చూసుకోవడం అదే. మర్నాడు మైకు రిక్షా వీధుల్లో తిరిగింది, ఫలానా నాటిక, ఫలానా హాలు, ముఖ్య పాత్రలో మన ఊరి కోడలు శ్రీమతి అంటూ నా పేరు సాగదీసి చదువుతూ. మా అత్తగారు, నేను గేటు దగ్గర నిలబడి విన్నాం. రిక్షా మార్కెట్ వైపు తిరిగిపోయాక కూడా సన్నగా వినపడుతూనే ఉంది. "మైకులో నీ పేరు బాగుందే" అన్నారు అత్తగారు. ఆవిడ పేరు ఎవరైనా పైకి పలకగా ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

ఆ పూటే మామగారు యాత్రలు ముగించుకుని బస్సు దిగారు. బస్టాండులో ఆయనకు ఎదురొచ్చింది ఆ రిక్షాయే.

ఆయన అరవలేదు. అరిచే మనిషైతే నేనూ ఓ మాట అనేదాన్నేమో. స్నానం చేసి, భోజనానికి కూర్చుని, పనసపొట్టు కూర బాగుందని మెచ్చుకుని, నేను మజ్జిగ పోస్తుండగా చెప్పారు. "అమ్మాయీ, నువ్వు బాగా చేస్తావని నాకు తెలుసు, మేడ మీద వింటూనే ఉన్నాను కదా. అందుకే వద్దంటున్నాను. సరిగ్గా చెయ్యలేని దానివైతే ఒక్క సాయంత్రంతో పోయేది. బాగా చేస్తే ప్రతి ఊరూ నిన్నే అడుగుతుంది, ఎన్ని ఊళ్ళకని పంపను చెప్పు?" మా వారు కంచంలోకి చూస్తూ కూర్చున్నారు. నేను మజ్జిగ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

సాయంత్రానికల్లా రాజమండ్రికి ఫోన్లు వెళ్ళాయి, వేరే నటి కుదిరింది. మిగిలిన పాంప్లెట్ల మీద నా పేరు కనపడకుండా ఆవిడ పేరున్న కాగితం ముక్కలు అంటించారు. ఆ అంటించడానికి మైదా ఉడికించింది ఎవరనుకున్నారు, నేనే. ఉండ కట్టకుండా బాగా ఉడికించాను కూడా. మర్నాడు మళ్ళీ బయల్దేరిన మైకు రిక్షా మా గేటు దగ్గరికి రాగానే అందులో చెప్పే ఆయన శబ్దం తగ్గించి, "ఏం చేత్తామండి, పెద్దోళ్ళు చెప్పారండి, ఆయ్" అని తల వంచుకున్నాడు. మామగారి మర్యాద కంటే ఆ మైకాయన జాలే నాకు ఎక్కువ మంట పుట్టించింది.

ప్రదర్శన నాడు మధ్యాహ్నం నటి వచ్చింది. రిహార్సల్‌కి వేళ లేదు. పుస్తకం బస్సులో చదువుకుందట, సగం వచ్చిందట. ఆ మాటలన్నీ కంఠతా వచ్చిన మనిషి ఊళ్ళో ఒక్కతే కాబట్టి, పక్క తెర చాటున కూర్చుని ప్రాంప్టింగ్ చెప్పమని మామగారే కబురు చేశారు. తెర చాటున ఎవరికీ కనపడను కదా. ఆవిడ మేకప్ వేసుకుంటూ అద్దంలోంచి నా వంక చూసి, "మీ వేషం లాక్కున్నానని కోపమాండి?" అంది. నేను పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను. "మీకు ఇల్లుందండి. నాకు సీజనే ఉందండి" అంది. ఆవిడ మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు.

పైన వేలాడే మైకులకు వినపడకుండా, ఆవిడకు మాత్రం వినపడేలా, ఒక్కో మాటా అందించాను. నేనన్నది ఆవిడ అనేది. చివరికి పెట్టె ఖాళీ అయింది, అందరూ వెళ్ళిపోయారు, ఆవిడ పెట్టె పక్కన కూలబడింది. ఆ ఆఖరి మాట ఆవిడకు రాలేదు. నా నోటి దాకా వచ్చింది, ఇవ్వలేదు. తెర సందులోంచి ముందు వరుస కనపడుతోంది, మామగారు ఏడవడానికి సిద్ధంగా తువ్వాలు మోకాలి మీద పరుచుకుని కూర్చున్నారు. ఆ తువ్వాలు చూసి నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మెల్లగా తల తిప్పి పక్క తెర వైపు, అంటే నా వైపు, చూసింది. హాల్లో చంటిపిల్లల గొంతు కూడా లేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి భయంతో వచ్చిన నీళ్ళని నాకూ ఆవిడకూ తప్ప ఎవరికీ తెలీదు. అప్పుడిచ్చాను. ఆవిడ అనగానే తెర పూర్తిగా పడకముందే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మామగారు తువ్వాల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. నేను చేసింది తప్పని ఈనాటికీ అనుకోను, ఇంకాసేపు ఆపవలసిందని మాత్రం అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆ సీజనంతా ఎక్కడ చూసినా ఆ మౌనం గురించే మాట్లాడుకున్నారు. నటి తెలివైన మనిషి, ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ కావాలనే అలా తల తిప్పి ఆగింది. జంగారెడ్డిగూడెంలో ఆవిడకు ఉత్తమ నటి బహుమతి వచ్చింది. పోయేదాకా మామగారు ఇంటికొచ్చిన ప్రతివారికీ ఆ మౌనాన్ని వర్ణించేవారు, నేనిచ్చిన కాఫీ తాగుతూ. నేను మళ్ళీ ఆ పుస్తకాలు ముట్టుకోలేదు. కొన్నాళ్ళకు సమాజమే ఆగిపోయింది, మేడ మీద హాల్లో కొబ్బరికాయలు పోశారు.

ఇప్పుడీ బహుమతి పెట్టించింది మా వారే. నాన్నగారికి నాటకమంటే ఎంత ప్రాణమో అని కళ్ళొత్తుకుంటారు. పోస్టరు చూసిన రోజునే మేనల్లుడికి ఫోన్ చేసి నా పేరు వెయ్యమని అడిగాను. "కోడలు గారంటే మీరేనని అందరికీ తెలుసు కదత్తయ్యా, పోస్టరు కూడా అందరికీ వెళ్ళిపోయింది" అన్నాడు, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమ వాడికి తాతగారి నుంచి వచ్చింది. ఈసారి వేస్తున్నదీ ఆ నాటికేనట. ముఖ్య పాత్ర వేసే అమ్మాయి ఊళ్ళోనే ఉంటుంది, బ్యాంకు ఉద్యోగి. పెద్దవాళ్ళు చెప్పగా విని ఆ మౌనాన్ని రోజూ సాధన చేస్తోందట. ఎంతసేపు ఆగాలో మీకేమైనా గుర్తుందా అత్తయ్యా అని కూడా అడిగాడు.

ఎంత మారిపోయాయి రోజులు. ఆ అమ్మాయిని భర్తే బండి మీద తెచ్చి రిహార్సల్‌కి దింపి వెళ్తున్నాడట, వాళ్ళత్తగారు ఆ పోస్టరును ఫోన్లో స్టేటస్ పెట్టుకుందట. ఫోటో చిన్నదైనా కింద పేరుంది, దాని మీద కాగితం అంటించే వీలు ఎవరికీ లేదు. సంతోషమే, కాదనను, కానీ ఆ సంతోషం వెనకాలే కడుపులో మంట కూడా లేస్తోంది. మైకు రిక్షాలు ఎప్పుడో పోయాయి, గేటు దగ్గర నాతో నిలబడి విన్న అత్తగారూ పోయారు. నన్నిప్పుడు పేరు పెట్టి పిలిచేది ఆసుపత్రిలో నర్సు ఒక్కతే.

వస్తానని మేనల్లుడికి చెప్పాను. బహుమతి ఇచ్చాక మైకు నా చేతికిచ్చి మామగారి కళాభిమానం గురించి రెండు మాటలు చెప్పమంటారు. నేను ఏమీ అనకుండా నిలబడతాను. ముందు వరుసలో కూర్చున్న మా వారు కంగారుపడి తలెత్తి నా వంక చూసేదాకా ఊరుకుంటాను. పక్క నుంచి ఎవరో మాట అందిస్తారు, అందుకోను. అప్పుడు నా పేరు చెబుతాను.