బోయజు చేలో పరిగె

అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఆ తర్వాత కూడా ఇది రాయలేదు. నాకు చదువు చెప్పిన టీచరమ్మగారు బతికుండగా రాస్తే ఎర్ర పెన్నుతో దిద్దేసేవారు.

ఆవిడ రిటైరయ్యాక మా చర్చి అరుగు మీద పాత నిబంధన తెరిచి నాకు చదవడం నేర్పారు. పేజీ తిప్పాలంటే ఒకటే షరతు. అందులో యేసయ్య ఎక్కడున్నాడో వేలు పెట్టి చూపించాలి.

"ఇది యూదుల పుస్తకం కదండీ. ఆయన పుట్టకముందే రాశారు. ఎక్కడుంటాడండీ?"

"వానకంటే ముందు మబ్బు రాదా ఏంటే? వెతుకు."

ఒకరోజు రూతు కథ వచ్చింది. కోతయ్యాక చేలో రాలిన పరిగె ఏరుకునే ఆ పేదరాలి కోసం పిడికెళ్లకొద్దీ కంకులు కావాలనే జారవిడవమని బోయజు అనే ఆసామి తన కూలీలకు చెప్పాడట. నాకు నవ్వాగలేదు.

"నలభై ఏళ్లు మిరప చేలల్లో పరిగె ఏరానండీ. పోయేటప్పుడు ఒడి దులిపి చూపించమన్న ఆసాములే అందరూ. ఇలాంటోడు భూమ్మీద లేడండీ!"

టీచరమ్మగారు చప్పట్లు కొట్టారు. "దొరికాడుగా! అక్కడే వేలు పెట్టు."

పెట్టాను. అయినా పేజీ తిప్పనివ్వలేదు.

"నువ్వు కౌలుకు చేసే అరెకరం మిరపలో రేపు ఆఖరి కోతంటగా. పరిగెకొచ్చిన వాళ్లని తరిమేస్తానని ఊరంతా చెప్తున్నావంట?"

పురుగు తినగా మిగిలిన పంట అది.

మర్నాడు పొద్దున, గట్టు మీద కాచుకున్న ఆడవాళ్లను చేలోకి రమ్మన్నాను. వాళ్లకంటే ముందు నడుస్తూ రెండు దోసిళ్ల కాయలు సాళ్లలో జారవిడిచాను. సాలు చివరికెళ్లి వెనక్కి చూసి, ఒక దోసిలి మళ్లీ ఏరుకున్నాను.