పిల్లల బీరువాకీ పెద్దల బీరువాకీ మధ్య

మొన్న నరసరావుపేటలో మా వీధి చివరింటి అమ్మాయి ఫోన్ పట్టుకొచ్చి, అందులో ఒక నవల అట్ట చూపించి, తొమ్మిదో తరగతి చదివే తన కూతురికి ఇది కొనొచ్చా, యంగ్ అడల్ట్ అని రాసుంది, అంటే పిల్లలదా పెద్దలదా పిన్నిగారూ అని అడిగింది. లైబ్రరీ ఉద్యోగంలోంచి రిటైరై ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు కదా అని నీరసంగా నవ్వుకుని, ముందు నేను చదివి చెబుతానన్నాను. కథలో పిల్ల వయసు చూసి చెప్పేసే పనైతే ఎంత సుఖంగా ఉండేదో.

గురజాలలో నేను పనిచేసిన రోజుల్లో మా లైబ్రరీలో కథల పుస్తకాలకు రెండే బీరువాలు, ఒకటి పిల్లలది, ఒకటి పెద్దలది. పదిహేను పదహారేళ్ళ వాళ్ళు ఎటు పోవాలో ఎవరూ ఆలోచించలేదు. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక రైతు కూతురు, తల్లి పోయి ఇంకా ఏడాది తిరగలేదు, పిల్లల బీరువా మొత్తం చదివేసి ఏం తీసుకోవాలో తెలియక నా బల్ల ముందు నిలబడేది. తన ఈడు నాయిక ఉన్న నవల ఒకటి వెతికి ఇస్తే సగంలోనే తెచ్చిచ్చేసింది.

"ఇందులో పిల్లకి నా వయసే మేడమ్, కానీ మాట్లాడేది మా నాయనమ్మలాగా ఉంది," అంది.

నిజమే, అది ఎప్పుడో దాటొచ్చిన ఈడును ఒక పెద్దావిడ తీరిగ్గా తలుచుకుంటున్న కథ. ఈ పిల్లకి కావలసింది రేపేమవుతుందో తెలియక ఇంకా అందులోనే తడుముకుంటున్న మనిషి కథ. వయసులో కాదు, తేడా అక్కడుందని నాకప్పుడు తట్టింది. ఈసారి, ఇవ్వనా వద్దా అని చాలా తటపటాయించి, తల్లిని పోగొట్టుకున్న పిల్ల తనే చెప్పుకునే నవల ఒకటి పెద్దల బీరువాలోంచే తీసిచ్చాను.

ఆ వారంలోనే తండ్రి వచ్చాడు. ఊళ్ళో నలుగురికీ తగువులు తీర్చే మనిషి. పుస్తకం బల్ల మీద పెట్టి, "ఏందమ్మా ఇది? పెద్దోళ్ళ పుస్తకం పసిదానికిస్తే అన్నం కూడా తినకుండా ఏడిసింది. ఇంక ఈడకి పంపేది లేదు," అన్నాడు.

వాదించే ఓపిక లేక, ఏడిపించిన చోటేదో మీరే చూడండి అని కుర్చీ చూపించాను. విసురుగా కూర్చున్నవాడు ఎండ వాలేదాకా లేవలేదు. చివరికి కండువాతో మొహం తుడుచుకుని అన్నాడు:

"వాళ్ళమ్మ పోయినకాడ్నించీ అది కంటతడి పెట్టలేదమ్మా. ఏమైపోద్దోనని చానా భయపడ్డా."

పుస్తకం చంకలో పెట్టుకుని తనే తిరిగి ఇంటికి తీసుకుపోయాడు. ఆ పిల్ల ఇంటర్ అయ్యేదాకా వస్తూనే ఉంది.

ఇప్పుడు ఈడుకో అర, అరకో పేరు ఉన్నాయి, అట్ట మీదే వయసు వేసి అమ్ముతున్నారు. మాకు లేక తిప్పలు పడ్డవన్నీ వచ్చాయి, సంతోషించాల్సిందే. కానీ ఎదురుగా ఉన్న పిల్ల మొహం చూసి పుస్తకం తీసేవాళ్ళూ తగ్గారు, ఆ పుస్తకం ఎందుకిచ్చావని నిలదీయడానికి వచ్చే తండ్రులూ తగ్గారు. అప్పట్లో ఆ తగువులకి ఎంతో అలిసిపోయేదాన్ని. ఇప్పటి ఈ అలసట మాత్రం వేరు, నిలదీసేవాళ్ళు లేని అలసట.