ఇద్దరు మంజులలు, ఒక కంప్లెయింట్

మొన్న మా ఫ్యాక్టరీ మీటింగులో నన్ను మెచ్చుకున్నారు. ఎందుకో మీకు మాత్రం చెప్తా, బయట అనకండప్పా.

జిగణిలో నీళ్ల మోటార్లు చేసే ఫ్యాక్టరీలో నేను హెచ్‌ఆర్. పోయిన నెల ప్యాకింగ్ మంజుల ఒక కంప్లెయింట్ ఇచ్చింది. తొమ్మిదేండ్ల సర్వీసున్న తనను వదిలేసి, నిన్నగాక మొన్న చేరిన ఆయన్ను సూపర్‌వైజర్ చేసినారని. ఆయన మా ప్రొడక్షన్ మేనేజర్ ఊరాయన.

ఇట్లాంటివి సాఫ్ట్‌గా హ్యాండిల్ చెయ్యాలి కదా. బస్సులోనే మాటలన్నీ సిద్ధం చేసుకొని, సీట్లో కూర్చోగానే ఫోన్ చేసి మంజులను పంపమన్నా. వచ్చింది. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి మొదలుపెట్టినా. నీ దగ్గర పని నేర్చుకున్నవాళ్లే నీకు సూపర్‌వైజర్లయితే ఎవరికైనా కడుపు మండుతుందమ్మా అన్నా. ఆమె ఏదో చెప్పబోయింది. ఆగమ్మా, నన్ను పూర్తి చెయ్యనీ అన్నా. మళ్లీ నోరు తెరిచింది. మళ్లీ ఆపినా. పది నిమిషాలు దంచినా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగినాయి. భలే కుదిరిందిలే అనుకున్నా.

అప్పుడు మెల్లగా అనింది, "మేడమ్, నేనేం కంప్లెయింట్ ఇయ్యలేదే. బస్ పాస్ కోసం పిలిచినారనుకొని వచ్చినా."

ఆమె అసెంబ్లీ మంజుల. నేను కాగితంలో పేరు చూసినానే గానీ ఎంప్లాయీ నంబర్ చూడలేదు. సారీ చెప్పబోయినా.

ఆమే అందుకుంది. "కానీ మీరు చెప్పిందంతా నిజమే మేడమ్. మా సూపర్‌వైజర్‌కు పని నేర్పింది నేనే. ఇట్లా అడగొచ్చని ఇన్నేండ్లూ తెలీదు. ఒక పేపరియ్యండి, నేనూ రాస్తా."

ఇయ్యక ఏం చేస్తా? ఇచ్చినా. మేడమే పిలిచి మరీ కంప్లెయింట్లు రాయిస్తా ఉండాదని లంచ్‌లోపల క్యాంటీనంతా పాకింది. సాయంత్రానికి నా టేబుల్ మీద ఏడు పేపర్లు. ప్రొడక్షన్ మేనేజర్ నాతో మాటలు మానేసినాడు. నా ఉద్యోగం పోయిందనుకొనే వాటిని జీఎం ముందు పెట్టినా.

ఆయన ఏడూ చదివినారు. సూపర్‌వైజర్‌ను ఏం చూసి ఎంచుతాం అని అడిగినారు. రాసి పెట్టుకున్న రూలంటూ ఒక్కటీ లేదు. మరుసటి వారమే నోటీసు బోర్డు మీద రూల్స్ వచ్చినాయి. ఆ పోస్టుకు ఆ కొత్తాయనతో సహా అందరికీ టెస్ట్ పెట్టినారు. ప్యాకింగ్ మంజుల సూపర్‌వైజర్ అయ్యింది. ఇంకో పోస్టు ఖాళీ అయితే, టెస్టులో రెండో స్థానం వచ్చిన అసెంబ్లీ మంజులదే.

ఇంక మీటింగులో జీఎం నన్ను లేపి నిలబెట్టి, వర్కర్ల మాట ఓపిగ్గా వినడం ఈమెను చూసి నేర్చుకోండి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టినారు. నేను తల వంచుకున్నా. ఆ పొద్దు ఆమెను ఒక్క మాట మాట్లాడనిచ్చి ఉంటే, బస్ పాస్ ఇచ్చి పంపేసి ఉందును.